ఒక బ్యారెల్ చమురుకు ఎన్ని బ్యారెళ్ల ఆవిరి?

కెనడాలోని అల్బర్టా రాష్ట్రం ఉత్తర భాగంలో, అథబాస్కా నది పరిసరాల్లో భూమి కింద ఉన్న చమురు తనంతట తాను కదలదు. అక్కడి ఇసుక పొరలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది. ఆ చలిలో ఇసుక రేణువుల మధ్య ఇరుక్కుపోయిన బిట్యుమెన్ అనే తారులాంటి చమురు స్నిగ్ధత, అంటే కదలకుండా పట్టి ఉంచే చిక్కదనం, 10 లక్షల సెంటీపాయిజ్‌లు (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) దాటుతుంది. మామూలు గది ఉష్ణోగ్రతలో నీటి స్నిగ్ధత 1, ఆముదానిది సుమారు 1,000. అంటే ఆముదం కంటే వెయ్యి రెట్లు మొండిగా కదిలే పదార్థమన్నమాట. బావి తవ్వి ఎంత పెద్ద పంపు బిగించినా అది పైకి రాదు. అదే పదార్థాన్ని 200 డిగ్రీలు దాటేలా వేడి చేస్తే స్నిగ్ధత 10 సెంటీపాయిజ్‌ల దరిదాపులకు పడిపోతుంది. అప్పుడు అది తన బరువుకు తానే కిందికి జారుతుంది.

భారీ ముడి చమురును వెలికితీసే పరిశ్రమ మొత్తం ఈ ఒక్క ధర్మం మీద నిలబడి ఉంది. వేడి తగిలితే చమురు పలచబడుతుంది. కాబట్టి వేడిని భూమిలోకి దించాలి. దించడానికి చేతిలో ఉన్న సాధనాల్లో నీటి ఆవిరికి దీటైనది ఇంతవరకు దొరకలేదు. ఈ కథను ఇంజనీర్ల చాతుర్యం గురించిన కథగా చెప్పడం పరిపాటి. ఆ చాతుర్యం నిజమే. అయితే ఒక చమురు క్షేత్రం నిలుస్తుందా, కూలుతుందా అన్నది తేల్చేది ఒక చిన్న అంకె. ఒక బ్యారెల్ చమురు బయటికి రావడానికి ఎన్ని బ్యారెళ్ల నీటిని ఆవిరిగా మార్చి లోపలికి పంపాల్సి వచ్చింది? దీన్నే ఆవిరి–చమురు నిష్పత్తి అంటారు. భూగర్భంలో ఎన్ని వందల కోట్ల బ్యారెళ్లు ఉన్నాయన్న ప్రకటనల కంటే ఈ అంకె చాలా ఎక్కువ చెబుతుంది.

ఆవిరే ఎందుకు?

వేడినీరు పంపితే చాలదా అన్న సందేహం సహజం. ఒక కిలో నీటిని 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 335 కిలోజౌళ్లు పడతాయి. ఆ మరుగుతున్న నీటిని అదే ఉష్ణోగ్రత దగ్గర పూర్తిగా ఆవిరి చేయడానికి మరో 2,257 కిలోజౌళ్లు కావాలి. ఇదే గుప్తోష్ణం. ఆవిరి చల్లని ఇసుకను తాకి తిరిగి నీరుగా మారినప్పుడు ఈ మొత్తాన్ని అక్కడే దించేస్తుంది. పైగా ఆవిరి తన వేడిని వదిలేటప్పుడు ఉష్ణోగ్రత తగ్గదు. చివరి అణువు నీరయ్యేవరకు అదే వేడిమి నిలుస్తుంది. వేడినీటికి ఈ రెండు గుణాలూ లేవు. అది ముందుకు సాగేకొద్దీ చల్లబడిపోతుంది.

గుప్తోష్ణానికి ఒక మెలిక ఉంది. పీడనం పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది. 220 డిగ్రీల ఆవిరిలో కిలోకు సుమారు 1,860 కిలోజౌళ్ల గుప్తోష్ణం ఉంటే, 300 డిగ్రీల దగ్గర అది 1,400కు, 350 డిగ్రీల దగ్గర 900 లోపుకు దిగుతుంది. 374 డిగ్రీల దగ్గర సున్నా అవుతుంది. అక్కడ నీటికీ ఆవిరికీ తేడాయే ఉండదు. చమురు పొర ఎంత లోతుగా ఉంటే అక్కడి పీడనం అంత ఎక్కువ. వెయ్యి మీటర్ల లోతున నీటి స్తంభం బరువే దాదాపు 100 బార్లు. ఆ పీడనం దగ్గర ఆవిరి 300 డిగ్రీలు దాటితే గానీ ఆవిరిగా ఉండదు, ఉన్నా దాని గుప్తోష్ణం 100 డిగ్రీల దగ్గర ఉన్నదాంట్లో సగం మీద కొంచెమే. దీనికి తోడు అంత పొడవు గొట్టంలో దిగుతూ దారి పొడవునా చుట్టూ ఉన్న రాళ్లకు వేడిని పంచుకుంటూ పోతుంది. ఆవిరి పద్ధతి విజయాలన్నీ తక్కువ లోతు క్షేత్రాల్లోనే గుంపుగా కనిపించడానికి కారణం ఇదే.

కనుగొన్నది ప్రమాదవశాత్తు

బావి అడుగున హీటర్లు పెట్టి చమురును వేడి చేసే ప్రయత్నాలు 1950లలో కాలిఫోర్నియాలో జరిగాయి. అవి బావి గోడ చుట్టూ కాస్త మేర మాత్రమే పనిచేశాయి. ఆవిరి అసలు బలం బయటపడింది వెనిజువెలాలో. 1959లో మెనె గ్రాండె క్షేత్రంలో షెల్ సంస్థ ఒక బావిలోంచి ఆవిరి పంపి, దాని తోపుతో చమురును పక్క బావుల వైపు నడిపించే ప్రయోగం చేస్తోంది. పొర లోతు తక్కువ కావడంతో ఆవిరి నేలను చీల్చుకుని పైకి తన్నింది. పీడనం తగ్గించడానికి ఆవిరి పంపుతున్న బావులనే వెనక్కి తెరిచారు. వాటిలోంచి ఊహించని జోరుతో చమురు వచ్చింది. చమురు తీయడానికి వేరే బావి అక్కర్లేదని, ఆవిరి పంపిన బావిలోంచే కొన్నాళ్ల తర్వాత చమురు తోడవచ్చని అప్పుడు తెలిసింది. కొన్ని వారాలు ఆవిరి పంపడం, కొన్నాళ్లు బావిని మూసి వేడిని నాననివ్వడం, తర్వాత నెలల తరబడి చమురు తోడటం, జోరు తగ్గగానే మళ్లీ మొదటికి రావడం. విడతల ఆవిరి పద్ధతి పుట్టుక ఇది.

అది కాలిఫోర్నియాకు వెంటనే పాకింది. బేకర్స్‌ఫీల్డ్ పక్కనున్న కెర్న్ రివర్ క్షేత్రంలో 1899లో చేతులతో తవ్విన గుంటలో చమురు పడింది. ఆ తర్వాత అర్ధ శతాబ్దంలో తేలిగ్గా వచ్చేదంతా వచ్చేసింది. నేలలో ఉన్నదాంట్లో సింహభాగం మాత్రం ఇసుకను పట్టుకుని అలాగే ఉండిపోయింది. 1960లలో ఆవిరి వచ్చాక ఆ ముసలి క్షేత్రం మళ్లీ పైకి లేచి, 1980ల మధ్యలో రోజుకు లక్షా 40 వేల బ్యారెళ్ల స్థాయిని అందుకుంది. ఇప్పటికి అక్కడి నుంచి 200 కోట్ల బ్యారెళ్లకు పైగా చమురు వచ్చింది. ఒక పక్క బావుల్లో నిరంతరం ఆవిరి పంపుతూ మరో పక్క బావుల్లో తోడుతూ ఉండే ధారావాహిక పద్ధతి అక్కడ స్థిరపడింది. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో ఉన్న డురి క్షేత్రం 1985 నుంచి ఇదే పద్ధతిని ఇంకా పెద్ద ఎత్తున నడిపింది.

కెర్న్ రివర్, డురి రెండూ తొలినాళ్లలో తమ చమురునే బాయిలర్లలో కాల్చి ఆవిరి పుట్టించాయి. పైకి వచ్చినదాంట్లో ఒక భాగం మళ్లీ మంటలోకే పోయేది. తర్వాత రెండు చోట్లా సహజ వాయువు ఆ స్థానంలోకి వచ్చింది. డురిలో చమురు ఇచ్చి బదులుగా వాయువు తెచ్చుకునే ఏర్పాటు చేసుకున్నారు. కెర్న్ రివర్‌లో 1980లలో భారీ గ్యాస్ టర్బైన్లు పెట్టారు. అవి కరెంటు పుట్టిస్తాయి. వాటి పొగగొట్టంలోంచి వృథాగా పోయే వేడితో ఆవిరి తయారవుతుంది. ఒకే ఇంధనంతో రెండు పనులు జరిగే ఈ పద్ధతి ఆవిరి చరిత్రలో వచ్చిన మంచి మార్పుల్లో ముందు వరుసలో ఉంటుంది.

వేడి ఎక్కడికి పోతుంది?

ఇక్కడ కాస్త ఆగి లెక్క వేయడం అవసరం. ఆవిరి చమురును వేడి చేస్తుందని అందరూ అంటారు. నిజానికి అది ముందుగా వేడి చేసేది ఇసుకను. ఒక ఘనపు మీటరు చమురు ఇసుకను తీసుకుందాం. అందులో మూడో వంతు ఖాళీ జాగా, మిగతాదంతా రేణువులు. ఆ ఖాళీలో 80 శాతం బిట్యుమెన్, మిగిలింది నీరు. ఈ ముద్దను 10 డిగ్రీల నుంచి 220 డిగ్రీలకు తేవాలంటే సుమారు 480 మెగాజౌళ్లు కావాలి. 220 డిగ్రీల ఆవిరి గుప్తోష్ణంతో భాగిస్తే సుమారు 260 కిలోల ఆవిరి. అందులోంచి వచ్చే చమురెంత? ఆవిరి పోయిన చోట కూడా కొంత చమురు రేణువులను అంటుకునే ఉంటుంది కాబట్టి సుమారు 215 లీటర్లు. అంటే ఒక్క చుక్క వేడి కూడా బయటికి పోదనుకున్నా నిష్పత్తి 1.2.

ఇప్పుడు ఇసుక కొంచెం నాసిరకమనుకుందాం. ఖాళీ జాగా ఐదో వంతు, అందులో చమురు సగమే. వేడి చేయాల్సిన రాయి తగ్గలేదు, కొంచెం పెరిగింది కూడా. రాబట్టగల చమురు 70 లీటర్లకు పడిపోయింది. నిష్పత్తి 3.7కు ఎగబాకింది. బాయిలర్ అదే, బావి అదే, ఇంజనీర్లు వాళ్లే. మారింది రాయి ఒక్కటే.

దీని మీద పైనున్న రాళ్లలోకి జారిపోయే వేడి అదనం. చమురు పొర పైకప్పు ఎంత విస్తీర్ణంలో వేడెక్కితే అంత మేర వేడి పైకి పారుతూనే ఉంటుంది. పొర 30 మీటర్ల మందం ఉన్నా, 8 మీటర్లే ఉన్నా పైకప్పు వైశాల్యం అంతే, నష్టమూ దాదాపు అంతే. ఆ నష్టాన్ని పంచుకునే చమురు మాత్రం పలచని పొరలో నాలుగో వంతుకు తగ్గిపోతుంది. నష్టం కాలంతో పాటు పెరుగుతుంది కాబట్టి నెమ్మదిగా తోడే బావి మరింత నష్టపోతుంది. ఇవన్నీ కలిపితే మంచి పొరల్లో నిష్పత్తి 2, 3 మధ్య, సాధారణ పొరల్లో 3, 4 మధ్య తేలుతుంది. 5 దాటితే కష్టకాలం మొదలైనట్టే.

ఆ అంకెను డబ్బులోకి, గాలిలోకి మార్చి చూడటం తేలికే. ఒక టన్ను నీటిని అలాంటి ఆవిరిగా మార్చడానికి 70 నుంచి 80 ఘనపు మీటర్ల సహజ వాయువు కాల్చాలి. నిష్పత్తి 3 ఉన్న చోట ఒక బ్యారెల్ చమురుకు సుమారు 36 ఘనపు మీటర్ల వాయువు ఖర్చవుతుంది. వచ్చిన చమురులోని శక్తిలో అది ఐదో వంతు. ఆ మంటలోంచి 70 కిలోల మేర కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ చమురును శుద్ధి చేయకముందు, ఏ వాహనంలోనూ కాల్చకముందు సంగతి ఇది. నిష్పత్తి 5 అయితే శక్తిలో మూడో వంతు ఆవిరికే పోతుంది, కార్బన్ డయాక్సైడ్ 110 కిలోలు దాటుతుంది. భారీ చమురు వాతావరణానికి ఎంత హాని చేస్తుందన్న వాదనలో రెండు వైపుల వారూ సగటు అంకెలు విసురుకుంటారు. ఒక క్షేత్రానికీ మరో క్షేత్రానికీ ఉన్న ఈ తేడా ఆ సగటులో కనబడకుండా పోతుంది. అసలు చర్చ జరగాల్సింది ఆ తేడా మీదే.

రెండు బావుల జంట

అల్బర్టా చమురు ఇసుకలో దాదాపు ఐదో వంతు మాత్రమే గని తవ్వి తీయగలిగినంత పైన ఉంది. మిగిలినదానికి భూమిలోనే వేడి చేసే దారి తప్ప మరొకటి లేదు. కోల్డ్ లేక్ ప్రాంతంలో ఇంపీరియల్ ఆయిల్ 1960లలో ప్రయోగాలు మొదలుపెట్టి 1985లో విడతల పద్ధతిని వాణిజ్య స్థాయికి తెచ్చింది. అక్కడ 400 మీటర్లకు పైబడిన లోతున, 300 డిగ్రీలు దాటిన ఆవిరిని, పొర చీలిపోయేంత పీడనంతో పంపుతారు. ఆవిరి పంపేటప్పుడు నేల పదుల సెంటీమీటర్లు పైకి ఉబ్బుతుంది. చమురు తోడేటప్పుడు తిరిగి దిగుతుంది. ఉపగ్రహాల కొలతల్లో ఈ కదలిక స్పష్టంగా కనిపిస్తుంది.

అదే సంస్థలో పనిచేసిన రోజర్ బట్లర్ అనే ఇంజనీరుకు 1960ల చివర్లో మరో ఆలోచన వచ్చింది. ఆవిరి తేలిక కాబట్టి పైకి పోతుంది, కరిగిన చమురు, నీరు బరువు కాబట్టి కిందికి వస్తాయి. ఈ రెండు స్వభావాలను ఎదిరించడం మానేసి వాటినే పనిలో పెట్టుకోవచ్చు. పొర అడుగున ఒకదానిపై ఒకటి, ఐదు మీటర్ల ఎడంలో, నేలకు సమాంతరంగా సాగే రెండు అడ్డ బావులు. పై బావిలోంచి ఆవిరి వెళుతుంది. అది పైకి వ్యాపిస్తూ ఒక వేడి గదిని ఏర్పరుస్తుంది. గది గోడల వెంట చమురు, నీరు కలిసి జారి కింది బావిలో చేరతాయి. తోపు అక్కర్లేదు, పొరను చీల్చే పీడనం అక్కర్లేదు. గురుత్వాకర్షణ చాలు. ఆవిరి సాయంతో గురుత్వాకర్షణే చమురును దించే ఈ పద్ధతిని పరిశ్రమలో ఆంగ్ల పొడి అక్షరాలతో సాగ్‌డీ అంటారు.

ఆ రోజుల్లో అడ్డంగా బావి తవ్వడం ఖరీదైన, నమ్మకం కుదరని పని. అందుకే ఏ కంపెనీ కూడా గబుక్కున ముందుకు రాలేదు. 1974లో అల్బర్టా ప్రభుత్వం చమురు ఇసుక సాంకేతిక పరిశోధన కోసం ఒక సంస్థను పెట్టింది. ఆ సంస్థ ఫోర్ట్ మెక్‌మర్రే సమీపంలో చమురు పొర కిందనున్న సున్నపురాయిలోకి నిలువు గనులు దింపి, సొరంగాలు తొలిచి, అక్కడి నుంచి పైకి వాలుగా బావులు వేసింది. 1987లో మొదలైన ఆ ప్రయోగంలో మూడు జతల బావులు, ఒక్కొక్కటి 60 మీటర్ల పొడవు. బట్లర్ లెక్క నిజమని అక్కడ రుజువైంది. ఈలోగా నేల మీద నుంచే అడ్డ బావులు తవ్వే సాంకేతికత చౌకబడింది. 2001లో ఫోస్టర్ క్రీక్‌లో తొలి వాణిజ్య ప్రాజెక్టు నడక మొదలుపెట్టింది. లాభం వస్తుందో రాదో తెలియని పరిశోధనకు ప్రభుత్వ ధనం పదేళ్లకు పైగా నిలకడగా అండగా ఉండకపోతే ఈ పద్ధతి కాగితం మీదే ఉండిపోయేదని చెప్పవచ్చు. ప్రైవేటు చొరవకు ప్రతీకగా అల్బర్టాను చూపేవారు ఈ భాగాన్ని దాటవేస్తుంటారు.

సాగ్‌డీ నడపడంలో నైపుణ్యమంతా కింది బావి దగ్గర ఉంది. ఆ బావి పైన ఎప్పుడూ కొంత ద్రవం మడుగులా నిలిచి ఉండాలి. మరీ వేగంగా తోడితే ఆ మడుగు ఎండి పై బావి ఆవిరి నేరుగా కింది బావిలోకి దూకుతుంది. వేడి వృథా అవుతుంది, ఇసుక రాకుండా బావికి అమర్చిన ఉక్కు జల్లెడ కోసుకుపోతుంది. మరీ నెమ్మదిగా తోడితే మడుగు పెరిగి గది ఎదుగుదల ఆగిపోతుంది. అందుకే తోడే ద్రవాన్ని అక్కడి మరిగే ఉష్ణోగ్రత కంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉండేలా నిరంతరం చూసుకుంటారు.

అదే అథబాస్కా ప్రాంతంలో రెండు ప్రాజెక్టులను పక్కపక్కన పెడితే రాయి ప్రభావం తేటతెల్లమవుతుంది. క్రిస్టినా లేక్‌లో మందమైన, శుభ్రమైన ఇసుక. నిష్పత్తి 2 దరిదాపుల్లో నడిచింది. లాంగ్ లేక్‌లో 2008లో మరింత అధునాతనమైన ప్రాజెక్టు మొదలైంది. బిట్యుమెన్‌లోని మడ్డిని వాయువుగా మార్చి, ఆ వాయువుతోనే ఆవిరి పుట్టించి, బయటి సహజ వాయువు మీద ఆధారపడకుండా ఉండాలన్న గొప్ప ఆలోచన అది. అయితే అక్కడి ఇసుకలో మధ్యమధ్య నీటి పొరలు ఉన్నాయి. ఆవిరి వాటిని వేడి చేయడంలోనే ఖర్చయిపోయింది. నిష్పత్తి 5 దాటింది. బాయిలర్లు సరిపోలేదు, శుద్ధి విభాగానికి చాలినంత బిట్యుమెన్ అందలేదు. భాగస్వాముల్లో ఒకటైన ఆప్టీ కెనడా 2011లో అప్పులవారి నుంచి రక్షణ కోరుతూ కోర్టుకెక్కి, చివరికి చైనా ప్రభుత్వ సంస్థ సీనూక్ చేతుల్లోకి వెళ్లింది. నేల పైన పెట్టిన యంత్రాల గొప్పతనం నేల కింది లోపాన్ని పూడ్చలేకపోయింది.

ఉక్కు, సిమెంటు, పైకప్పు

450 మీటర్ల ఉక్కు గొట్టాన్ని 300 డిగ్రీల మేర వేడెక్కిస్తే అది దాదాపు 1.6 మీటర్లు సాగాలి. బావిలో దాని చుట్టూ సిమెంటు బిగించి ఉంటుంది కాబట్టి సాగడానికి చోటు లేదు. ఆ ఒత్తిడి మామూలు కేసింగ్ (బావి గోడగా దించే గొట్టం) ఉక్కు తట్టుకునే హద్దును దాటిపోతుంది. ఆవిరి బావుల్లో కేసింగ్ ప్రతి విడతలోనూ కొంత శాశ్వతంగా నలుగుతుందని ముందే లెక్కలోకి తీసుకుని డిజైన్ చేస్తారు. అతుకుల దగ్గరే అది ముందుగా తెగుతుంది. సిమెంటుదీ అదే తీరు. మామూలు బావి సిమెంటు 110 డిగ్రీలు దాటితే కాలక్రమంలో బలం కోల్పోతుంది. అందుకే 35 నుంచి 40 శాతం సిలికా పొడి కలుపుతారు.

వీటన్నిటికంటే కీలకమైనది చమురు పొర మీద మూతలా ఉండే మట్టిరాతి పొర. 2006 మే 18న అథబాస్కాలోని జోస్లిన్ ప్రాజెక్టులో ఆ మూత పగిలింది. టోటల్ సంస్థ నడిపిన ఆ ప్రాజెక్టులో చమురు పొర మీద మట్టి, రాయి మందం వంద మీటర్ల లోపే. ఆవిరి భూమిని బద్దలుకొట్టుకుని పైకి లేచి, రాళ్లను దూరంగా విసిరి, పెద్ద గొయ్యి మిగిల్చింది. అదృష్టవశాత్తు ఎవరికీ ప్రాణహాని జరగలేదు. ఆ తర్వాత తక్కువ లోతు ప్రాజెక్టులకు అనుమతించే పీడనం మీద అల్బర్టా నియంత్రణాధికారులు పట్టు బిగించారు. కాలిఫోర్నియాలో మాత్రం ప్రాణం పోయింది. 2011లో మిడ్‌వే–సన్‌సెట్ క్షేత్రంలో ఆవిరి పైకి తన్నుతున్న చోట నేల కుంగి ఒక ఉద్యోగి చనిపోయారు. 2019లో సిమ్రిక్ క్షేత్రంలో చమురు, నీరు కలిసి లక్షల గ్యాలన్ల మేర నేల మీదికి ఉబికాయి. ఆ ఏడాది నవంబరులో అధిక పీడన విడతల పద్ధతికి కొత్త అనుమతులను కాలిఫోర్నియా ప్రభుత్వం నిలిపివేసింది. 1959లో మెనె గ్రాండెలో ఏ సంఘటనతో ఈ పద్ధతి పుట్టిందో, ఆరు దశాబ్దాల తర్వాత కూడా అదే సంఘటన దాన్ని వెంటాడుతోంది. నేలలోకి ఎంత పీడనం పంపుతున్నారో కంపెనీ లెక్కల్లోనే ఉండిపోకుండా బయటి కళ్లకూ కనబడాలన్న డిమాండు న్యాయమైనదే.

నీటి సంగతి మరో పెద్ద విషయం. చమురుతో పాటు పైకి వచ్చే వేడినీటిలో నూనె, సిలికా, లవణాలు ఉంటాయి. దాన్ని శుద్ధి చేసి మళ్లీ బాయిలర్‌కు పంపాలి. చమురు క్షేత్రాల్లో వాడే బాయిలర్లు మొత్తం నీటిని ఆవిరి చేయవు. ఇరవై శాతానికి పైగా నీరుగానే వదిలేస్తాయి, మలినాలన్నీ ఆ నీటిలో చేరి గొట్టాలకు పాచి కట్టకుండా బయటికి పోతాయి. సాగ్‌డీకి దాదాపు పూర్తి ఆవిరి కావాలి కాబట్టి ఆ నీటిని వేరు చేశాకే బావికి పంపుతారు. అల్బర్టాలో మంచి ప్రాజెక్టులు 90 శాతం మేర నీటిని తిరిగి వాడుతున్నాయి. కెర్న్ రివర్‌లో మిగులు నీటిని వాల్‌నట్ పెంకుల వడపోతలోంచి పంపి, నూనె తీసేసి, 1990ల నడిమి నుంచి కవేలో నీటి సరఫరా జిల్లా ద్వారా పొలాలకు ఇస్తున్నారు. కరవు ప్రాంతంలో అది రైతుకు ఆసరా. ఆ నీటిలో ఏయే రసాయనాలు మిగులుతున్నాయన్న ప్రశ్న కూడా అంతే గట్టిగా వినిపిస్తూ వచ్చింది.

మంట లేకుండా ఆవిరి

గ్యాస్ కాల్చకుండా ఆవిరి పుట్టించగలిగితే సగం సమస్య తీరుతుంది. ఒమన్ ఈ దారిలో ధైర్యంగా అడుగేసింది. అమల్ క్షేత్రంలో గ్లాస్‌పాయింట్ సంస్థ అద్దాల తొట్లను గాజు షెడ్లలో పెట్టింది. ఎడారి ధూళి అద్దాల మీద పడదు, గాలికి అద్దాలు వంగవు. చిన్న ప్రయోగం 2013లో విజయవంతమయ్యాక మిరాహ్ అనే పెద్ద ప్రాజెక్టు 2017లో ఆవిరి ఇవ్వడం మొదలుపెట్టింది. రాత్రి సూర్యుడు లేకపోయినా నష్టం లేదు. వేడెక్కిన వేల టన్నుల రాయి ఒక్క రాత్రిలో చల్లారదు, సగటున రోజుకు ఎంత వేడి అందిందన్నదే లెక్క. సాంకేతికంగా ఇంత చక్కగా అతికిన జోడీ అరుదు. అయినా 2020లో చమురు ధరలు కూలిన తరుణంలో ఆ కంపెనీ మూతపడింది.

మరో దారి ఆవిరితో పాటు తేలిక హైడ్రోకార్బన్ ద్రావకాలను పంపడం. కొంత పని వేడి చేస్తే కొంత పని ద్రావకం చేస్తుంది. కోల్డ్ లేక్‌లో ఇంపీరియల్ ఆయిల్ 2024లో దీన్ని వాణిజ్య స్థాయిలో ప్రారంభించింది. ద్రావకం ఖరీదైనది కాబట్టి లోపలికి పంపినదాంట్లో ఎంత తిరిగి వస్తుందన్న దానిపైనే దీని భవిష్యత్తు ఆధారపడి ఉంది.

అన్ని భారీ చమురులకూ ఆవిరి తప్పనిసరి అనుకోవడం కూడా పొరపాటే. వెనిజువెలాలోని ఒరినోకో పట్టీ చమురు బరువులో అథబాస్కా బిట్యుమెన్‌కు దగ్గర బంధువు. అయితే ఆ పొరలు వెచ్చగా, 50 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటాయి. స్నిగ్ధత వేలల్లోనే ఉంటుంది. పొడవాటి అడ్డ బావులు వేస్తే వేడి చేయకుండానే చమురు వస్తుంది. అలా వచ్చేది ఉన్నదాంట్లో పదో వంతు మాత్రమే. మిగతా తొమ్మిది వంతులకు ఏదో ఒక రోజు వేడి కావాల్సిందే.

గుజరాత్, రాజస్థాన్‌లలో

భారతదేశంలో భారీ చమురు పట్టీ ఉత్తర గుజరాత్‌లోని మెహసానా ప్రాంతంలో ఉంది. బలోల్, సంథాల్ క్షేత్రాల్లో చమురు పొర సుమారు వెయ్యి మీటర్ల లోతున ఉంటుంది. అక్కడ ఓఎన్‌జీసీ ఆవిరికి బదులు నిప్పును ఎంచుకుంది. గాలిని లోపలికి పంపి, పొరలోనే కొద్దిపాటి చమురును మండించి, ఆ వేడితో మిగతాదాన్ని నడిపించడం. బలోల్‌లో 1990లో ప్రయోగంగా మొదలై 1997లో వాణిజ్య స్థాయికి చేరింది. లోతు పెరిగితే ఆవిరి బలహీనపడుతుందన్న పై లెక్కను గుర్తుంచుకుంటే ఈ ఎంపిక ఎంత సబబైనదో అర్థమవుతుంది. వేడి అక్కడికక్కడే పుడుతుంది, దారిలో పోయే ప్రసక్తి లేదు.

రాజస్థాన్ ఎడారిలోని బాఘేవాలా క్షేత్రంలో మాత్రం ఆయిల్ ఇండియా ఆవిరిని ఎంచుకుంది. 1990ల ఆరంభంలో అక్కడ భారీ చమురు కనబడినా చాలాకాలం దాన్ని పెద్దగా తోడలేకపోయారు. తర్వాత విడతల ఆవిరి పద్ధతి రంగంలోకి వచ్చింది. పొర వెయ్యి మీటర్లకు పైబడిన లోతున ఉంది కాబట్టి ఆవిరి అడుగుకు చేరేసరికి ఎంత ఆవిరిగా మిగులుతుందన్నదే అసలు పరీక్ష. వేడి పోకుండా రెండు గోడల మధ్య శూన్యం ఉంచిన ప్రత్యేక గొట్టాలు ఇలాంటి బావులకు ప్రాణాధారం. అదే రాష్ట్రంలో బాడ్‌మేర్ దగ్గరి మంగళ క్షేత్రం చమురును దీనితో కలిపి మాట్లాడుతుంటారు, అది సరికాదు. మంగళ చమురు భారీ చమురు కాదు, మైనం ఎక్కువున్న చమురు. చల్లబడితే గడ్డకడుతుంది. దానికి వేడినీరు, పాలిమర్, 600 కిలోమీటర్లకు పైబడిన వేడిచేసిన పైప్‌లైన్ సరిపోయాయి.

బాఘేవాలా నుంచి వచ్చే వార్తల్లో రోజుకు ఎన్ని బ్యారెళ్లన్న అంకె ప్రముఖంగా కనిపిస్తుంది. దేశీయ ఉత్పత్తి పెరగడం సంతోషించదగ్గదే. ఆ అంకె పక్కనే ఎన్ని టన్నుల ఆవిరి, ఆ ఆవిరికి ఏ ఇంధనం, ఎక్కడి నీరు అన్నవీ ప్రచురించాలి. థార్‌లో నీరు లెక్కపెట్టి వాడుకునే వస్తువు, ఎండ మాత్రం ఒమన్‌కు తీసిపోదు. అమల్‌లో చేసిన ప్రయోగాన్ని ఇక్కడి బావుల లోతుకు, ఇక్కడి ఆవిరి పీడనానికి తగ్గట్టు తిరిగి లెక్కగట్టి చూడటం ఆయిల్ ఇండియా చేయదగిన పని. లెక్క బావి నోటి దగ్గర ముగియదు కూడా. పైకి వచ్చిన భారీ చమురు చల్లారగానే మళ్లీ చిక్కబడుతుంది. అల్బర్టాలో దాన్ని పైపుల్లో పంపడానికి దాదాపు 30 శాతం కండెన్సేట్ అనే తేలిక, పలచని చమురు కలుపుతారు. బాఘేవాలా చమురు ట్యాంకర్లలో మెహసానాకు, అక్కడి నుంచి పైప్‌లైన్‌లో వడోదర పక్కనున్న కోయలి రిఫైనరీకి చేరుతుంది. దారిలో దాన్ని పలచగా ఉంచడానికి అయ్యే వేడి, ఇంధనం కూడా ఆ బ్యారెల్ ఖర్చులోవే.